చీరలందించిన చేతులు

మా మేనకోడలు చీరలమ్మే వీడియోల్లో మా తమ్ముడి మొహం ఎక్కడా కనబడదు. చేతులే కనబడతాయి. పక్కనుంచి రెండు చేతులు వచ్చి కొత్త చీర అందిస్తాయి. పిల్ల విప్పి చూపించి వదిలేసిన చీరని నలగకుండా వెనక్కి తీసుకుంటాయి. కుడి మణికట్టుకి రంగు వెలిసిన ఎర్రదారం, వేలికి అరిగిపోయిన రాగి ఉంగరం. అంతే. కానీ ఆ చేతుల్ని ఎక్కడెక్కడి ఆడవాళ్ళో గుర్తుపట్టేవారు. "అంకుల్ చేతులకి నమస్కారం" అని కింద రాసేవారు. ఆయన పేరేంటో, ఊరేంటో ఒక్కరికీ తెలీదు.

పెనుగొండలో గుడివీధికి రెండు సందుల అవతల మా తమ్ముడి బట్టల కొట్టు. ముందు కొట్టు, వెనకాల ఇల్లు. కొట్లో కుర్చీలుండవు. నేలంతా పరుపు, దాని మీద ఉతికిన తెల్ల దుప్పటి, గోడల పొడుగునా అద్దాల బీరువాలు. వచ్చినవాళ్ళు చెప్పులు బయట విడిచి, కాళ్ళు మడుచుకుని కూర్చుని చీరలు చూసుకోవాలి. నచ్చినవి మూట కట్టి ఇంటికి పంపేసేవాడు. "ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించుకోండమ్మా. ఒంటిమీద వేసుకుని చూసుకోండి. వద్దన్నవి రేపో ఎల్లుండో పంపించండి, తొందరేం లేదు" అనేవాడు. మా నాన్నగారి కాలం నుంచీ మా ఇంటి వ్యాపారం అదే పద్ధతిలో నడిచింది. మనిషిని తొందరపెట్టి బట్ట అంటగట్టడం మా నాన్నగారి దృష్టిలో ఎదుటివాళ్ళ జేబులో చెయ్యి పెట్టినంత పని.

తర్వాత తణుకులోనూ, రాజమండ్రిలోనూ అంతస్తులకి అంతస్తులు షాపింగ్ మాల్స్ లేచాయి. పెళ్ళిబట్టలకి జనం కార్లేసుకుని అటు పోవడం మొదలెట్టారు. మా తమ్ముడి పరుపు మీద దుప్పటి నలగడం మానేసింది. సరిగ్గా అప్పుడే వాడి ఒక్కగానొక్క కూతురు రాజమండ్రిలో ఎంబీయే పూర్తిచేసి వచ్చింది. ఉద్యోగం చెయ్యనంది. గుండ్రటి లైటొకటి, దానికో స్టాండు తెచ్చి కొట్టు మధ్యలో నిలబెట్టి, "నాన్నా, ఇంక మనం వాళ్ళ దగ్గరికెళ్దాం" అంది.

నేను నిడదవోలులో ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. నాది కాస్త నోటి దురుసు. మనసులో ఉన్నది నోట్లో ఆగదు. మొదటిసారి దాని వీడియో చూసినప్పుడే ఫోన్ చేసి, "ఏంటే ఆ అరుపులు? చీరలమ్ముతున్నావా, మంటలంటుకున్నాయని ఊరిని లేపుతున్నావా?" అని అడిగేశాను. "స్టాక్ అయిపోతోంది అక్కలూ! ఈ పీస్ మళ్ళీ రాదు! ఆలోచిస్తే మిస్సయిపోతారు!" ఇదీ వరస. వాళ్ళ నాన్న జీవితమంతా జనానికి ఆలోచించుకోమని చెప్పాడు. ఇది ఆలోచిస్తే పోతుందంటోంది.

"అలా చెప్పకపోతే వేలితో ఒక్క తోపు తోసేసి పైకి పోతారత్తా. మొదటి రెప్పపాటులోనే పట్టుకోవాలి" అంది.

ఆ మాట దానిది కాదు. రాజమండ్రిలో ఎవరో కుర్రాడు చిన్న ఏజెన్సీ పెట్టి ఇలాంటి పేజీలు చూసుకుంటాడట. ఏ పాటకి ఏ వీడియో, ఏ టైముకి పెట్టాలి, ఎక్కడ నవ్వాలి, అన్నీ అతనే చెప్తాడు. నవ్వుతూ మొదలుపెట్టమన్నాడట. మా మేనకోడలి నవ్వు నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. చేత్తో నోరు మూసుకుని, భుజాలు అదిరేలా, చప్పుడు లేకుండా నవ్వుతుంది. అది వాళ్ళమ్మ నవ్వు. ఫోను ముందు నవ్వేది వేరే. పళ్ళన్నీ కనబడేలా నవ్వి, రికార్డింగు ఆగగానే కుళాయి కట్టేసినట్టు ఆపేస్తుంది. నేను పక్కన కూర్చుని చూశాను. ఆ ఆగడం చూస్తే నాకు భయం వేసింది.

పొద్దున్నే లేచి మొహం కడుక్కోకముందే ఎంతమంది చూశారో చూసుకునేది. తక్కువగా ఉంటే ఆ పూట అన్నం సహించేది కాదు. మా తమ్ముడు గుమ్మంలో నిలబడి, జ్వరం తగ్గిందా అని అడిగినట్టు, "ఇవాళ ఎలా ఉందమ్మా?" అని అడిగేవాడు. మా బడిలో చివరి ఏళ్ళలో నేను చూసిన పిల్లలూ ఇంతే. జడ వేసుకున్నా, గోరింటాకు పెట్టుకున్నా, ఎవరో చూసి బాగుందనేదాకా అది బాగున్నట్టు వాళ్ళకి నమ్మకం కుదిరేది కాదు. తిట్టేదాన్ని. తిట్టి ఇంటికొచ్చి బాధపడేదాన్ని. మేం మాత్రం పేరంటానికి కొత్తచీర కట్టుకుని వెళ్ళింది ఎవరు చూడాలని? కానీ పేరంటం సాయంత్రానికి అయిపోయేది, ఇంటికొచ్చి చీర మడతపెట్టుకునేవాళ్ళం. వీళ్ళ పేరంటానికి సాయంత్రం లేదు.

మా తమ్ముడు మొదట సిగ్గుపడ్డాడు. కెమెరా వైపు రానన్నాడు. కానీ పిల్ల ఒక్కతీ విప్పడం, మడవడం, అందుకోవడం చెయ్యలేకపోతోంది. వాడికి చీర నేలమీద పడితే ప్రాణం గిలగిలలాడుతుంది. అలా పక్కన నిలబడి అందించడం మొదలెట్టాడు. "నువ్వు కూడా సినిమాల్లోకి ఎక్కేశావుట్రా" అని నేను ఏడిపిస్తే, "చేతులే కదక్కా" అని మురిసిపోయాడు. "దానికేదో తెలుసులే. మనకి తెలీనంత మాత్రాన తప్పనుకోకూడదు" అన్నాడు.

ఆషాఢం సేల్ కోసం వీడియోలు తీస్తున్న ఆదివారం నేను అక్కడే ఉన్నాను. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా తీశారు. ఒకటి అవగానే పిల్ల లోపలికి పరిగెత్తి జాకెట్టు మార్చుకుని, జుంకాలు మార్చుకుని వచ్చేది. వేరేవేరే రోజుల్లో తీసినట్టు కనబడాలట. "ఇవన్నీ ఆ ఏజెన్సీ అబ్బాయికి పంపేస్తానత్తా. అతను సెట్ చేసి పెడితే రోజుకొకటి వాటంతటవే పడతాయి" అంది. "అంటే నువ్వు నవ్వకపోయినా నీ నవ్వు వచ్చేస్తుందన్నమాట" అన్నాను. "అంతేగా!" అని నోరు మూసుకుని భుజాలదిరేలా నవ్వింది. వాళ్ళ నాన్న కూడా నవ్వాడు. అదే నేను వాణ్ణి నవ్వుతుండగా చూసిన ఆఖరుసారి.

ఆ వారంలోనే మా తమ్ముడు పోయాడు. మధ్యాహ్నం భోంచేసి కొట్లోకొచ్చి, శ్రావణానికి వచ్చిన చీరలకి కట్టలు కడుతూ అలాగే పరుపు మీదికి ఒరిగిపోయాడట. కారులో తణుకు తీసుకెళ్ళేటప్పటికే లేడన్నారు. నేను నిడదవోలు నుంచి వచ్చేసరికి వాణ్ణి ఆ తెల్ల దుప్పటి మీదే పడుకోబెట్టారు. నాకన్నా చిన్నవాడు. నా చంకనెక్కి తిరిగినవాడు. ఏం రాయను?

గోదావరి ఒడ్డున సిద్ధాంతం రేవుకి తీసుకెళ్ళారు. ఇంటికి మైల వచ్చింది. కొట్టు షట్టరు దించేశారు. పొయ్యి వెలిగించకూడదు కాబట్టి బంధువుల ఇళ్ళనుంచి క్యారేజీలు వచ్చేవి. పరామర్శకి వచ్చిన ప్రతి ఆడమనిషీ మా మరదల్ని పట్టుకుని ఏడ్చేది, ఆవిడా ఏడ్చేది. పిల్ల మాత్రం ఏడవలేదు. తల దువ్వుకోకుండా, గోడకి జారబడి, ఎవరు పలకరించినా తలూపేది. కంట చుక్క రాలేదు. "కొయ్యబారిపోయింది, పాపం" అన్నారు అందరూ.

మూడో రోజున మా మరదలి అక్కగారు రావులపాలెం నుంచి క్యారేజీ తీసుకుని వచ్చారు. మంచి మనిషే. అన్నాలయ్యాక నడవాలో ఆడవాళ్ళమందరం కూర్చుని ఉండగా, ఇంటికి ఫోన్ చేద్దామని ఆవిడ సెల్లు తీశారు. వేలు ఎక్కడ తగిలిందో ఏమో, ఒక్కసారిగా నడవా అంతా మోగేలా గొంతు వచ్చింది.

"హాయ్ అక్కలూ! ఈరోజు నా మూడ్ సూపరో సూపర్! ఎందుకో తెలుసా?"

అందరం గోడ దగ్గర కూర్చున్న పిల్లవైపు చూశాం. అది కదల్లేదు. సెల్లులో మాత్రం జుంకాలూపుకుంటూ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది.

"హవ్వ! ఇది ఇవాళ పెట్టింది కదర్రా! ఇదిగో, పొద్దున్నే పెట్టినట్టుంది చూడండి" అన్నారు ఆ అక్కగారు. "తండ్రి పోయి మూడ్రోజులు కాలేదే! ఇదేం అఘాయిత్యమే తల్లీ!"

"ఆపండి, అది ముందెప్పుడో తీసింది" అన్నాను నేను. నా మాట ఎవరికీ వినబడలేదు. మా మరదలు చెయ్యి చాపి ఆ సెల్లు అందుకుంది. పిల్ల నవ్వు ఆవిడకి పట్టలేదు. పక్కనుంచి రెండు చేతులు వచ్చాయి. ఎర్రదారం, రాగి ఉంగరం. వంగపండు రంగు చీర జాగ్రత్తగా అందించి వెనక్కి వెళ్ళిపోయాయి. మళ్ళీ వచ్చాయి. మా మరదలు ఆ చేతుల మీద వేలు పెట్టి, ఆగలేక మళ్ళీ పెట్టింది. తెర మీద ఎర్రటి గుండె బొమ్మొకటి లేచి మాయమైంది. నచ్చిందని చెప్పే గుర్తట అది. ఆవిడకి తెలీదు.

సెల్లు అక్కగారికి ఇచ్చేసి కూతురివైపు చూసింది. అరవలేదు. "చచ్చిపోయిన మనిషి చేత కూడా చీరలు మోయిస్తున్నావా?" అంది.

అంతే. ఆ తర్వాత కూతురితో మాట్లాడ్డం మానేసింది. కంచం పెట్టి పక్కన కూర్చోదు, పిలిస్తే పలకదు. మొగుడు పోయిన దుఃఖంలో ఉన్న మనిషిని ఏమనగలం? ఈ ఇద్దరికీ ఇప్పుడు ఒకరికొకరు తప్ప ఎవరున్నారు? నాకు తమ్ముడు పోయిన బాధ ఒకెత్తు, ఈ తల్లీకూతుళ్ళు విడిపోతారేమోనన్న భయం ఒకెత్తు అయిపోయింది.

మర్నాడు కొట్లో షట్టరు దించిన చీకట్లో పిల్ల ఒక్కతీ కూర్చునుంటే వెళ్ళి పట్టుకున్నాను.

"అవి ఆపొచ్చా, ఆపకూడదా? నిజం చెప్పు."

"ఆపొచ్చత్తా."

"మరి?"

"గ్యాప్ ఇస్తే రీచ్ పడిపోతుందన్నాడు ఆ ఏజెన్సీ అబ్బాయి, చూసేవాళ్ళు తగ్గిపోతారట. ఒక్కసారి పడితే మళ్ళీ లేవదట. ఎలాగూ తీసినవే కదా అన్నాడు. సరేనన్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "సరేనన్నావా! మీ నాన్న బూడిద కూడా చల్లారలేదే! నాలుగు రోజులు కనబడకపోతే ఆ జనం నిన్ను మర్చిపోతారని ఇంత భయమా నీకు? ఇంట్లో మీ అమ్మ మొహం చూశావా? ఆవిడ మర్చిపోతే ఏం చేస్తావు?"

అది తల దించుకుని పరుపు మీది దుప్పటి ముడతలు సరిచేస్తూ కూర్చుంది. "రీచ్ ఒక్కటే కాదత్తా" అంది. "అవి ఆపేస్తే నాన్న ఇంక రారు కదా. పొద్దున్నే ఒకసారి వస్తున్నారు. చీర ఇచ్చి వెళ్తున్నారు. కింద అందరూ అంకుల్ బాగున్నారా అని అడుగుతున్నారు. వాళ్ళకింకా నాన్న ఉన్నారు."

"మరి ఆ మాట మీ అమ్మతో చెప్పవేమే?"

"ఏమని చెప్పను? నాన్న కోసం ఆపకుండా వదిలేశానో, పేజీ కోసం వదిలేశానో నాకే తెలీడం లేదు. రెండూ కలిసిపోయాయత్తా. విడదీసి చూసుకుందామనుకుంటే రావడం లేదు."

దాన్ని కొట్టాలని వెళ్ళినదాన్ని, పక్కన కూర్చుండిపోయాను. పాతికేళ్ళు నిండని పిల్ల. తన దుఃఖం ఎంతో, తన వ్యాపారం ఎంతో తనకే తెలీకుండా చేసిన ఆ చదువు ఎవరు చెప్పారు దీనికి? ఆ పూటే ఆ అబ్బాయికి ఫోన్ చేసి మిగతా వీడియోలు ఆపించేసింది. అయినా తల్లి మనసు కరగలేదు.

పదోరోజున పుట్టింటివాళ్ళు చీర పెట్టారు. మా వైపు మొగుడు పోయిన మనిషికి అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో తెచ్చి కట్టబెట్టే చీర అది. రావులపాలెం అక్కగారు గంధం రంగు చీర తెచ్చి, భుజాన కప్పి, ఇద్దరూ కావలించుకుని ఏడ్చారు. ఆ చీర ఒంటిమీదికి రావాలని ఏ ఆడదీ కోరుకోదు. తర్వాతి కార్యక్రమాలు కూడా అయిపోయి చుట్టాలు ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. నేను ఉండిపోయాను.

మైల తీరాక షట్టరు ఎత్తారు. పిల్ల నా దగ్గరికొచ్చి, "అందరూ అంకుల్ ఏరి అని అడుగుతున్నారత్తా. ఏం చెప్పను?" అంది. "ఉన్నది చెప్పు. నోటితో చెప్పు. ఆ జుంకాలూ ఆ లిప్‌స్టిక్కూ లేకుండా, నవ్వకుండా, మా నాన్న లేరని చెప్పు. అప్పుడైనా వాళ్ళకీ తెలుస్తుంది, నీకూ తెలుస్తుంది" అన్నాను. మనుషులతో చెప్పుకుంటే గుండె తేలికవుతుందని నా నమ్మకం. అవతల ఉన్నవాళ్ళు కూడా మనుషులే కదా అనుకున్నాను.

మధ్యాహ్నం లైవ్ పెట్టింది. నేను కళ్ళజోడు పెట్టుకుని ఫోను వెనకాల కూర్చున్నాను. అమ్మాయి ఉత్తమొహంతో కూర్చుని, "అక్కలూ, మా నాన్న లేరు" అంది. మొదటిసారి దాని కళ్ళలో నీళ్ళు చూశాను. కింద మాటలు వరదలా వచ్చిపడ్డాయి. అయ్యో చెల్లీ, ధైర్యంగా ఉండు తల్లీ, అంకుల్ ఆత్మకి శాంతి కలగాలి. నిజంగానే ఏడ్చి రాసినవాళ్ళున్నారనిపించింది. నాకూ కళ్ళు చెమర్చాయి. నేను చెప్పిన మాట మంచిదే అయింది అనుకున్నాను.

అప్పుడే మా మరదలు లోపలినుంచి నడవా దాటుతూ నడిమి గుమ్మంలో నిలబడింది. పిల్ల వెనకాల, ఫోనులో కనబడేంత దగ్గరగా. గంధం రంగు చీర కట్టుకుని ఉంది.

కింద ఎవరో రాశారు. "వెనక ఆంటీ కట్టుకున్న చీర ఉందా? ఏం మెటీరియల్?" ఇంకొకరు, "నాకూ కావాలి ఆ కలర్" అన్నారు. మరో నలుగురు ఆ మాట మీదే పడ్డారు.

పిల్ల కళ్ళు ఆ మాట మీద పడ్డాయి. చెంపల మీద నీళ్ళు అలాగే ఉన్నాయి. "అది సాఫ్ట్ సిల్క్ అక్కా, ఇందులో కలర్స్..." అనేసింది. అని, నోరు తెరుచుకునే ఆగిపోయింది.

మా మరదలు విన్నది. పైట చెంగు రెండు చేతులతోనూ భుజాల చుట్టూ బిగించుకుని, తల వంచుకుని లోపలికెళ్ళిపోయింది. నేను లేచి ఫోను బోర్లా పడేశాను. కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఫోనులో అడిగిన ఆవిడకి ఏం తెలుసు? చీర కనబడితే ఉందా అని అడగడం ఆవిడకి అలవాటు. చీర అడిగితే జవాబు చెప్పడం దీనికి అలవాటు. ఇద్దరిలో ఎవరికీ చెడుబుద్ధి లేదు. అదే నన్ను ఎక్కువ కోసింది.

మర్నాడు పొద్దున్న ఏజెన్సీ అబ్బాయి ఫోన్ చేశాడు. పిల్ల స్పీకరు పెట్టింది.

"మేడం, నిన్నటి లైవ్ చాలా బాగా వెళ్ళిందండి. ఇప్పటిదాకా మన పేజీలో అంత ఎప్పుడూ వెళ్ళలేదండి. దీన్ని వదలకూడదండి. అంకుల్ గారి ఫోటోకి దండ వేసి, ఆంటీగారిని పక్కన కూర్చోబెట్టి, అంకుల్ గారు చీరలు ఎలా అందించేవారో ఆంటీగారి చేత చెప్పిద్దామండి. ఆంటీగారు కొంచెం ఎమోషనల్ అయితే..."

నేను ఫోను లాక్కున్నాను. "బాబూ, నేను ఈ పిల్ల మేనత్తని. చచ్చిపోయింది నా తమ్ముడు. నీకు తల్లీ తండ్రీ ఉన్నారా?"

"ఉన్నారండి" అన్నాడు, కంగారుగా. "తప్పుగా అనుకోకండి మేడం గారూ. మా అమ్మమ్మ పోయినప్పుడు నేను కూడా పెట్టానండి. అందరూ ఓదార్చారండి. బాధ చెప్పుకుంటే తప్పేంటండి?"

ఎంత మర్యాదగా అడిగాడో! వెటకారం లేదు, దబాయింపు లేదు. నిజంగా తెలీక అడిగాడు. నిన్న నేను చెప్పిందీ అదేగా, చెప్పుకోమని. "పెట్టెయ్యి" అన్నాను. పెట్టేశాడు.

పిల్లవైపు తిరిగాను. "కుదరదని చెప్పు."

"ఆలోచిస్తానత్తా."

"ఆలోచిస్తావా! అందులో ఆలోచించడానికేముందే?"

"శ్రావణం వచ్చేస్తోంది" అంది. బీరువాల ముందు మా తమ్ముడు కట్టి పేర్చిన కట్టలున్నాయి. చివరిది సగం కట్టి వదిలేసి ఉంది. "ఇవన్నీ నాన్న తెచ్చినవి. ఇవి కదలకపోతే కొట్టు మూసెయ్యాలి. అమ్మని నేనే చూసుకోవాలి. అమ్మ నాతో మాట్లాడకపోయినా నేనే చూసుకోవాలి. నువ్వు తిట్టి నిడదవోలు వెళ్ళిపోతావు. నేనేం చెయ్యను చెప్పు?"

వెనక్కి తిరిగితే గుమ్మంలో మా మరదలు. ఎంతసేపటినుంచి నిలబడిందో. కళ్ళు మా ఇద్దరి మీదా లేవు, ఆ కట్టల మీద ఉన్నాయి. లోపలికెళ్ళింది.

ఆ సాయంత్రం పిల్ల స్టాండు నిలబెట్టి లైటు వేసి, ఏదో రెండు చీరలు పక్కన పెట్టుకుని, తియ్యాలా వద్దా అన్నట్టు ఫోను చేత్తో పట్టుకుని కూర్చుంది. లోపల కుళాయి చప్పుడు వినబడింది. మా మరదలు వచ్చింది. మొహం కడుక్కుంది. తడిచేత్తో జుట్టు అణుచుకుంది. పెట్లో పెట్టేసిన గంధం రంగు చీర మళ్ళీ తీసి కట్టుకుంది. చేతిలో మా తమ్ముడి ఫోటో, గుడి ముందు కొన్న బంతిపూల దండ. ఎప్పుడు తెప్పించుకుందో! వచ్చి పరుపు మీద లైటు ఎదురుగా కూర్చుని, ఫోటోని ఒళ్ళో పెట్టుకుంది.

"ఏ వైపు చూడాలే?" అని అడిగింది కూతుర్ని.

ఇన్నాళ్ళ తర్వాత ఆవిడ ఆ పిల్లతో అన్న మొదటి మాట అది.

పిల్ల బిత్తరపోయి, "అమ్మా, వద్దు" అంది.

"ఎందుకొద్దూ? ఆ అబ్బాయి చెప్పింది విన్నానులే. నీకు మంచి జరుగుతుందంటే కూర్చుంటాను. ఏముందిందులో? పరామర్శకి వచ్చినవాళ్ళ ముందు ఏడవలేదా? వీళ్ళూ అంతే అనుకుంటాను." కాస్త ఆగి, లైటు వెలుగుకి కళ్ళు చికిలించి, "ఎప్పుడు ఏడవాలో మాత్రం నువ్వు చెప్పమ్మా. ఇందాకటినుంచి ప్రయత్నం చేస్తున్నాను, ఇవాళేంటో రావడం లేదు" అంది.

పిల్ల దగ్గరికెళ్ళింది. అలవాటున దాని చెయ్యి ముందుకుపోయి, తల్లి పైట మడతలు కనబడేలా సరిచేసింది. సరిచేస్తూనే ఆ చెయ్యి ఆగిపోయింది. అప్పుడు ఏడ్చింది. తండ్రి పోయిన నాటినుంచి లోపల గడ్డకట్టుకుపోయిందంతా ఒక్కసారి పగిలినట్టు, తల్లి భుజంలో మొహం దాచుకుని, "నాన్నా, నాన్నా" అని, ఊపిరాడకుండా, ముక్కు కారుతూ, గొంతు బొంగురుపోయేలా ఏడ్చింది. ఫోను ఎప్పుడో చేతిలోంచి జారి పరుపు మీద పడిపోయింది. దాని తెర నల్లగా ఉంది.

మా మరదలు రెండు చేతులతోనూ కూతుర్ని పట్టుకుంది. కదల్లేదు. పిల్ల మొహం లైటువైపు ఉండేలా తన భుజం కొంచెం పక్కకి జరుపుకుంది. తర్వాత దాని తల మీదుగా నావైపు చూసి, దానికి వినబడకుండా మెల్లిగా అడిగింది.

"వదినా, ఇది పడుతోందాండి ఆ ఫోనులో? మళ్ళీ ఏడవమంటే పిల్ల వల్ల కాదు."

పడటం లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.